నీటిని ముందుగా చూసే విద్య

కలరా, టైఫాయిడ్ వస్తే హైదరాబాద్ జనం తరతరాలుగా దారి పట్టింది నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికే. అక్కడి మంచాలు నిండితే ఏదో బస్తీలో నీళ్లు చెడ్డాయని తెలిసేది. ఆ ఆసుపత్రి రాకముందే, 1908 సెప్టెంబరు 28న మూసీ నది నగరాన్ని ముంచెత్తాక, ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదకు జలాశయాలూ మురుగుకు కాలువలూ కలిపి ఆలోచించారు. రెండూ ఒకే సమస్యకు రెండు ముఖాలని గుర్తించడమే ఆయన గొప్పతనం. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఉస్మాన్‌సాగర్‌నే గండిపేట చెరువంటారు; గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని ఒక మాట.

నీటి జబ్బులపై పరిశోధన కూడా ఈ ఊళ్లోనే జరిగింది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని దాటి తార్నాకకు వెళితే జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నల్గొండ గ్రామాల గురించి రాశారు. నడుములు వంగిన పెద్దలు అక్కడ ఎప్పటినుంచో ఉన్నారు. ఈ పరిశోధకులు చూపింది మోకాళ్లు లోపలికి వంకరపోయిన కుర్రవాళ్లను. నాగార్జునసాగర్ ఊటతో భూగర్భజలం పైకి లేచి, నేలలోని లవణాల పొందిక మారడమే కారణమేమోనన్న అనుమానం అప్పుడు బయలుదేరింది. పొలం తడిపే జలాశయం బావినీటిని ఏం చేస్తుందో కట్టేముందు చూసే సాధనం ఆనాడు మన చేతిలో లేదు.

ఆ సాధనానికి బీజం మాత్రం 1925లోనే పడింది. అమెరికాలో స్ట్రీటర్, ఫెల్ప్స్ ఒహాయో నదిలో మురుగు కలిశాక ప్రాణవాయువు ఎంత దూరం తగ్గి ఎక్కడ కోలుకుంటుందో సమీకరణంలో పెట్టారు. 1993లో వచ్చిన ఎపానెట్ సాఫ్ట్‌వేర్, పైపులో నీళ్లు ఎన్ని గంటలు నిలిచాయో, కొళాయి చేరేసరికి ఎంత క్లోరిన్ మిగిలిందో లెక్కగట్టింది. మరోవైపు, కంప్యూటర్ శాస్త్రవేత్త ఇవాన్ సదర్లాండ్ 1968లో తలకు తగిలించిన తెర నేటి వర్చువల్ రియాలిటీకి ఆద్యం. నీటి లెక్కలు, కంటిముందు తెర అనే ఈ రెండు పాయలూ కలిసినచోట అంకెలు దృశ్యాలవుతాయి. కళ్లజోడు పెట్టుకుని మూసీ ఒడ్డున నిలబడవచ్చు. రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేయగల అంబర్‌పేట కేంద్రం ఒక పూట ఆగితే దిగువన రంగు ఎలా మారుతుందో, మరో కేంద్రం ఎక్కడ కడితే తేరుకుంటుందో చూడవచ్చు. అయితే నదిలో దిగి సీసాల్లో నమూనాలు పట్టేవారి కొలతలు సరిగా లేకపోతే ఆ దృశ్యం కేవలం బొమ్మ.

కొలిచే విద్య, లెక్కగట్టే విద్య ఉస్మానియాలోనూ తార్నాక ప్రయోగశాలల్లోనూ ఉన్నాయి. మూసీకి వేసే ప్రతి పథకాన్నీ కట్టకముందే నల్లకుంట, అంబర్‌పేట ప్రజలకు ఇలా చూపించి, వారి మాట విని, ఆ తర్వాతే పలుగు దించాలి. ఆ పని ఈ సంస్థలు తమ భుజాన వేసుకోవాలి.