ఆపిల్‌కు ఎరుపు, మరి సీతాఫలానికి?

మొన్న శనివారం మా పాప స్కూలు నుంచి ఒక కాగితాల కట్ట తెచ్చింది. ఎల్‌కేజీకి హోమ్‌వర్క్ ఏంటని అడక్కండి, నేను అడిగి చివాట్లు తిన్నాను. ఆపిల్, స్ట్రాబెర్రీ, చెర్రీ, కివీ... అన్నీ గీతల బొమ్మలే, లోపల రంగులు నింపాలి. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా అమ్మ అన్నీ తిరగేసి, "ఇందులో మన పండు ఒక్కటీ లేదేమప్పా?" అంది. సరే అని వెనకవైపు నేనే సీతాఫలం గీశాను. అది చేతిబాంబులా వచ్చింది, ఆ సంగతి వదిలేయండి. పాప పచ్చ క్రేయాన్ తీసింది. "ఒక్క పచ్చ చాలదే! కండ్ల మధ్య తెలుపు, పండేటప్పుడు కొంచెం పసుపు" అని అమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరికీ గంటసేపు నేను గుర్తురాలేదు.

ఈ బొమ్మలకు రంగులేయడం అనేది ఎప్పటిది? అంతకు ముందు మావైపు పిల్లలు ఏం చేసేవాళ్ళు?

దీనికి మంచి సాక్ష్యమే ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు 1953 అక్టోబర్ 1 దాకా బళ్ళారి జిల్లాలోవి. మద్రాసు గవర్నర్ మన్రో 1822లో బడుల లెక్కలు తీయమంటే, 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ పెద్ద నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసింది ఈయనే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. ఆడపిల్లలు ఎంతమందో తెలుసా? అరవై మంది!

అయిదో ఏట వినాయకుడి పూజ చేసి బియ్యంలో వేలు పట్టి రాయించడం, తర్వాత బడిలో ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అంటే చెయ్యి తిరగడానికి క్రేయాన్ అక్కర్లేదు, ఇసుక చాలు. ఇప్పుడు ప్లేస్కూళ్ళలో ఫైన్ మోటార్ స్కిల్స్ అని ఫీజు తీసుకునేది దీనికే. కాకపోతే ఇసుకలో తప్పొప్పులే తప్ప పిల్లవాడి ఇష్టానికి చోటు తక్కువ. గురువు రాసిందే దిద్దాలి.

ఇష్టానికి చోటిచ్చిన పెద్దమనిషి ఫ్రోబెల్. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల చేతికి ఆయన ఇచ్చిన మొదటి వస్తువు ఆరు రంగుల ఉన్ని బంతులు. ఇక రంగులేసే పుస్తకాలంటే, 1879లో కేట్ గ్రీనవే బొమ్మలతో వచ్చిన 'లిటిల్ ఫోక్స్ పెయింటింగ్ బుక్' మొదటివాటిలో ఒకటి. ఏ ఫర్ ఆపిల్‌కు తాత అనదగ్గ పాత ఇంగ్లీషు పాటకు 1886లో బొమ్మలేసింది కూడా ఈవిడే. 1903లో అమెరికాలో ఎనిమిది క్రేయాన్ల క్రేయోలా పెట్టె అయిదు సెంట్లకు వచ్చింది. వాళ్ళ పెరటి పండు వాళ్ళ పుస్తకంలోకి ఎక్కింది, అందులో తప్పేముంది? మనం కాపీ పేస్ట్ చేసి, డేటా మార్చడం మరిచిపోయాం. అంతే.

మావైపు రంగులకు కొదవా? నేత ఇంట్లో పిల్లలకు దండెం మీద ఆరే నూలే రంగుల పాఠం. మా అమ్మకు మెజెంటా అంటే తెలియదు, నేరేడుపండు రంగు అంటే తెలుసు. నారింజ రంగు, నిమ్మపండు రంగు, వంకాయ రంగు అంటూ చీర చూసి చెప్పేస్తుంది. మామిడిపిందెల అంచు సరేసరి. మన భాషలో పండ్లకు రంగులేయడం కాదు, రంగులకే పండ్ల పేర్లు పెట్టాం.

ఇక్కడ నా గొంతులోనే ఒక వెలక్కాయ పడింది. సీతాఫలం మనదేనా అని వెతికితే, కాదు! సీతమ్మ పేరు పెట్టుకున్న ఈ పండు, జామ, రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ కాలంలో వచ్చినవే. మా అమ్మకు చెబితే "వస్తే వచ్చిందిలే, తింటున్నాం కదా" అంది. నిజమే. పాప చేత్తో పట్టుకుని, వాసన చూసి, గింజలు ఉమ్మి తిన్న పండు మనది. బొమ్మలో తప్ప చూడని కివీ మనది కాదు. మూడేళ్ళ పిల్లకు రంగు, ఆకారం, పేరు మూడూ కలిసి బుర్రకెక్కేది అలా తిన్న పండుతోనే అని నా నమ్మకం.

కానీ అసలు బాధ పండు గురించి కాదు. కాంప్‌బెల్ అదే నివేదికలో, సీమ గుడ్డలు వచ్చి నేతపనివాళ్ళ బతుకు చితికిందని, అందుకే చాలా ఊళ్ళలో బడులు పోయాయని దాచకుండా రాశాడు. కలెక్టరే ఒప్పుకున్నాడు! 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల మొదలైన పథకంతో అంగన్‌వాడీలొచ్చాయి, గోడ మీద పండ్ల చార్టులూ వచ్చాయి. అయినా పంట పోయిన ఏడు మా పడమటి పల్లెలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు పత్తికి, మిరపకు. పిల్లల్ని చూసేవాళ్ళు లేక వెంట తీసుకుపోతారు. నాతో రెండో తరగతిలో పలకలు మార్చుకున్న పిల్ల ఒకతె అలాగే పోయింది. తిరిగొచ్చేసరికి మేం ఎక్కాల్లో పదమూడు దాటాం. తను మళ్ళీ బడికి రాలేదు. మిరపకాయ ఏ రోజు ఏ రంగులో ఉంటే కోయాలో మాత్రం మా అందరికంటే తనకే బాగా తెలుసు.

అందుకని ఈసారి ఊరికి పోయేటప్పుడు క్రేయాన్ పెట్టెలు కొనుక్కుపోతున్నాను. బొమ్మల పుస్తకాలు కాదు, తెల్లకాగితాలే. రేగుపండు, ఈతపండు, నేరేడు, వాళ్ళే గీసుకుంటారు. సుగ్గి సంచిలో కూడా పట్టే సరుకు అది. దీంతో వలస ఆగుతుందని నేను అనుకోవడం లేదు. మీ పిల్లల కాగితాల్లో ఏ పండ్లున్నాయో ఒకసారి చూడండి.

ఇంతకీ మా పాప సీతాఫలానికి చివర్లో వేసిన రంగు వంకాయ రంగు. మా అమ్మ బాగుందంది.