లెక్కకెక్కిన పసిబిడ్డలు

తెలుగు మాట నేటికిని ఇంటింట వినవచ్చు హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు 1965 వరకు సేలము జిల్లాలోను, పిమ్మట ధర్మపురి జిల్లాలోను ఉండి, 2004లో కృష్ణగిరి జిల్లాగా ఏర్పడినవి. ఈ సీమ చరిత్ర యనగానే కొండలపై కోటలు జ్ఞప్తికి వచ్చును. ఇచ్చటి పసిబిడ్డల రక్షణకును ఒక చరిత్ర కలదు.

సేలము, ధర్మపురి జిల్లాలలోని కొన్ని పల్లెలలో ఆడుశిశువును పుట్టిన కొలది దినములకే చంపు దురాచారము చిరకాలము ఇంటిగుట్టుగా నుండెను. అది అన్ని తాలూకాలలో నొక్కతీరుగా లేదు. కట్నభయమును, మగసంతతిపై మోజును దానిని పోషించినవి. 1990లలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల పుస్తకములలో అట్టి మరణములకు ‘సామాజిక కారణములు’ అని వ్రాసిరి. మాట మెత్తనిదే, కాని దానివలన గుట్టు లెక్కకెక్కెను. ఏ పల్లెలో ఎందరు పోయిరో తెలిసిన పిదప, ధర్మపురి పల్లెలలో వీధినాటకములాడి జనులను మేల్కొలుప యత్నించిరి.

1992లో తమిళనాడు ప్రభుత్వము సేలములో ఊయల పథకము నారంభించెను. పెంచలేనివారు బిడ్డను చంపక ప్రభుత్వపు ఊయలలో విడువవచ్చును. 2001లో దానిని ధర్మపురికి విస్తరించిరి. హోసూరు, కృష్ణగిరి అప్పుడా జిల్లాలోనివే. ఆడుబిడ్డను వదలుకొనుటకు ఇది దారి చూపునని కొందరాక్షేపించిరి. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని ప్రాణము నిలిచిన పిదపనే తక్కిన హక్కుల ప్రసక్తి.

లెక్క వ్రాసి దురాచారమును బయటపెట్టుట తెలుగువారికి క్రొత్త గాదు. విజయనగర ప్రభువు ఆనందగజపతి విశాఖపట్టణ మండలమున మూడేండ్ల కన్యాశుల్క వివాహముల పట్టిక వ్రాయించెను. అందు 1,034 పెండ్లిండ్లు చేరగా, 99 మంది వధువులు అయిదేండ్లవారని గురజాడ 1897లో ‘కన్యాశుల్కము’ పీఠికయందు తెలిపెను.

1929 నాటి శాసనము కన్యకు 14 ఏండ్లును, 1978 నాటి సవరణ 18 ఏండ్లును కనీస వయస్సుగా విధించినవి. 2006 నాటి శాసనము బాల్యవివాహములను ఆపుటకు అధికారులను నియమింపుమనెను. అయినను అంచెట్టి ప్రాంతపు కొండపల్లెలలో అట్టి పెండ్లిండ్లు ఇటీవలి సంవత్సరములలోను బయటపడినవి. అధికారి పట్టణమున నుండును. పెండ్లిపందిరి పల్లెలో వేయుదురు. నడుమ నున్నది పొరుగింటివాడే. బడికి రాని బాలికను గూర్చి అడిగెడి ఉపాధ్యాయుడును, 1098కు ఫోను చేసెడి పొరుగువాడును లేనిచో శాసనము కాగితముననే యుండును. మన వీథిలోని బిడ్డల లెక్క మనకు తెలియునా? ఆ ప్రశ్నతోనే శిశురక్షణ మొదలగును.