నిలువ నీడ లేనివారు – పురపాలక సంఘాలు

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవాలు ఏవైనా రాయమని మన కార్యదర్శి గారు కోరారు. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడి దగ్గర ఫైళ్ళు తప్ప ఏముంటాయి? అయితే వాటిలో ఒకటి నేను పదవీ విరమణ చేసినా నన్ను వదలలేదు. దాని సంగతి చెప్పాలంటే వెనకటి రెండు వందల ఏళ్ళ చరిత్ర కొంత చెప్పక తప్పదు. పాఠకులు ఓపిక పట్టవలసిందిగా మనవి.

అది 1976. ఎమర్జెన్సీ రోజులు. కోస్తాలో ఒక పురపాలక సంఘం కార్యాలయంలో నేను కొత్త గుమాస్తాను. ఒక పెద్దమనిషి పర్యటన ఖాయమైంది. బస్టాండు ఎదుటి సత్రం అరుగుల మీద పడుకునేవాళ్ళ జాబితా సాయంత్రానికల్లా కావాలని పైనుంచి మాట వచ్చింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారి వెంట వెళ్ళి పేర్లు రాసుకున్నాను. ఇరవై ముగ్గురు తేలారు. చిరునామా గడిలో అందరికీ "లేదు" అని రాసి, రిమార్కుల గడి ఖాళీగా వదిలాను.

మా హెడ్ గుమాస్తా గారు కాగితం చూసి, "ఇదేమిటోయ్, రిమార్కులు లేకుండా పుటప్ చేస్తావా? సంఘ వ్యతిరేక శక్తులు అని రాసి, కింద అందరికీ డిటో పెట్టు" అన్నారు.

"అందులో విస్తళ్ళు కుట్టుకునే ముసలమ్మ కూడా ఉందండీ."

"ముసలమ్మకు వేరే గడి ఉందా?" అన్నారు.

ఆయన చెడ్డవారు కారు. మా అమ్మకు జబ్బు చేస్తే తన జీతంలోంచి డబ్బు తీసి ఇచ్చిన మనిషి. నేను డిటో పెట్టాను. ఆ రాత్రి వాళ్ళందరినీ లారీ ఎక్కించి ఊరికి దూరంగా దింపి వచ్చారు.

వారం తిరక్కుండా ఆ ముసలమ్మ కాలినడకన తిరిగి వచ్చి ఆఫీసు మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది. "బాబూ, ఆ రోజు నా పేరు రాసుకున్నావు గదా, ఇంటి స్థలం ఎప్పుడిత్తారు?" అని అడిగింది. ఇరవై సూత్రాల పథకం కింద పేదలకు ఇళ్ళ స్థలాల పట్టాలు ఇస్తున్న రోజులవి. పేరు రాసుకోవడం అందుకేనని ఆమె అనుకుంది. "ఇంకా రాలేదు మామ్మా" అన్నాను. అబద్ధమాడానని నాకు తెలుసు.

ఆ రిమార్కు మా హెడ్ గుమాస్తా గారు పుట్టించిన మాట కాదు. అదెక్కడి నుంచి వచ్చిందో తరువాతి కాలంలో పాత చట్టాల పుస్తకాలు తిరగేస్తే తెలిసింది.

మన దేశంలో ఇల్లు లేనివాడికి, దారిన పోయేవాడికి తల దాచుకునే చోటు సత్రం. దాతలు ఇచ్చిన భూముల మీద అవి నడిచేవి. 1817లో మద్రాసు ప్రభుత్వం 7వ రెగ్యులేషన్ తెచ్చి గుళ్ళు, సత్రాలు, వంతెనల ధర్మాదాయాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. తరువాత చాలా సత్రాలు స్థానిక బోర్డుల చేతికి వచ్చాయి. అంటే పేదవాడికి చోటు చూపడమన్నది స్థానిక సంస్థల పనుల్లో మొదటి నుంచీ ఉన్నదే.

ఇంగ్లండులో కథ మరోలా నడిచింది. నెపోలియన్‌తో యుద్ధాలు ముగిశాక విడుదలైన సిపాయిలు పని దొరక్క రోడ్ల మీద పడ్డారు. 1824లో అక్కడి పార్లమెంటు దేశదిమ్మరుల చట్టం చేసింది. ఆరుబయటో, ఖాళీ కొట్టంలోనో పడుకుని, తన గురించి సరైన సంజాయిషీ చెప్పుకోలేనివాడు ఆ చట్టం ప్రకారం నేరస్థుడు. వాడు ఎవరినైనా కొట్టాడా, దోచాడా అన్న ప్రశ్న లేదు. గూడు లేకపోవడమే నేరం.

ఈ ఆలోచన ఓడెక్కి మన దేశానికీ వచ్చింది. ఇక్కడ దిక్కులేకుండా తిరిగే తెల్లవాళ్ళ కోసం 1874లో ఒక చట్టం చేసి, వారిని ప్రభుత్వ శ్రమశాలల్లో ఉంచి తిండి పెట్టి, అవసరమైతే ఓడెక్కించి పంపేవారు. నల్లవాళ్ళకు ఆ మర్యాద లేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తించేలా మార్చారు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా అమ్మిన ఎరుకలవారికి రైళ్ళు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. తిరిగే జనం గనుక అనుమానితులయ్యారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టిందే. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. పేరుకు అంటిన మచ్చ మాత్రం అంత త్వరగా పోలేదు.

ఇక 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 109వ సెక్షన్. జీవనాధారం కనబడనివాడు, తన గురించి తృప్తికరంగా సంజాయిషీ చెప్పుకోలేనివాడు మంచి నడవడికకు జామీను ఇవ్వాలని అందులో ఉండేది. 1824 నాటి ఇంగ్లీషు మాటకు ఇది తోబుట్టువు. 1973లో వచ్చిన కొత్త కోడులో ఆ క్లాజు తీసేశారు. కోడు 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. నేను డిటోలు పెట్టింది 1976లో. చట్టం పోయి రెండేళ్ళయినా మా గడిలోంచి ఆ మాట పోలేదు.

అల్లరి పనులను అదుపు చేయడానికి చట్టం లేదా అంటే, ఉంది. 1889 నాటి మద్రాసు పట్టణ న్యూసెన్సుల చట్టం మన ఆంధ్ర ప్రాంతంలో నడిచింది. అది బజారులో మనిషి చేసిన ఫలానా పనిని చూసి చిన్న శిక్ష వేసే చట్టం. ఆ పని ఇల్లున్నవాడు చేసినా లేనివాడు చేసినా ఒకటే. చేసిన పనికి శిక్ష వేయడం వేరు, ఉన్న స్థితికి శిక్ష వేయడం వేరు. ఈ రెండింటినీ ఒకే కాగితం మీదకు ఎక్కించడంతోనే తప్పు మొదలైంది.

చిత్రమేమిటంటే 1977వ సంవత్సరం. ఆ ఏడాది ఇంగ్లండులో నిరాశ్రయుల గృహవసతి చట్టం వచ్చింది. పిల్లలున్నవారు, వృద్ధులు, రోగులు ఇల్లు లేకుండా ఉంటే వారికి వసతి చూపడం స్థానిక కౌన్సిళ్ళ విధి అయింది. అదే ఏడాది మన ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది బిచ్చమెత్తడాన్ని నిషేధించే చట్టం!

అలాగని వాళ్ళు మారిపోయారనీ కాదు. 1998లో సంఘ వ్యతిరేక ప్రవర్తనపై ఉత్తర్వులంటూ కొత్త చట్టం తెచ్చారు. 2014 చట్టంతో బహిరంగ ప్రదేశాల్లో ఫలానా పని చేయరాదని కౌన్సిళ్ళే ఉత్తర్వులు వేయవచ్చన్నారు. కొన్ని కౌన్సిళ్ళు వాటిని రోడ్డు పక్క పడుకునేవారి మీదే ప్రయోగించాయి. ఇల్లు లేదన్న కారణంతో ఎవరి మీదా వాటిని వాడరాదని 2017లో ప్రభుత్వమే మార్గదర్శకాలు సవరించి చెప్పవలసి వచ్చింది. ఆ 1824 చట్టం రద్దుకు పార్లమెంటు ఒప్పుకున్నది 2022లో.

మన దగ్గర దారి చూపింది న్యాయస్థానాలు. బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు, జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఇమిడి ఉందని చెప్పింది. 2010 జనవరి చలిలో రాత్రి వసతి గృహాల గురించి గట్టి ఆదేశాలిచ్చింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో, లక్ష జనాభాకు వందమందికి తగ్గకుండా వసతి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని రాశారు. 2018లో ఢిల్లీ హైకోర్టు, అక్కడ అమలులో ఉన్న యాచక నిషేధ నిబంధనల్లో చాలావాటిని కొట్టివేసింది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షల 73 వేల మంది. వారిలో సగానికి పైగా పట్టణాల్లో ఉన్నవారే.

పాత అలవాటు ఇంకా పోలేదు. 2017 నవంబరులో హైదరాబాదులో పారిశ్రామికవేత్తల అంతర్జాతీయ సదస్సుకు ముందు, రెండు నెలల పాటు బిచ్చమెత్తడం నిషేధించి, రోడ్ల మీద వారిని జైళ్ళ శాఖ ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. ఆ వార్త పేపర్లో చదువుతుంటే నాకు మా లారీ గుర్తొచ్చింది.

ఈ సోదంతా ఇప్పుడెందుకంటే, నిరుడు మా కాలనీ చివర రాత్రి వసతి గృహం పెడతారని తెలిసి, వద్దంటూ ఒక అర్జీ తయారైంది. సంతకాల కోసం తెచ్చినవారు మనలాంటి పెన్షనర్లే, నాకు మిత్రులే. అందులో "సంఘ వ్యతిరేక శక్తులు చేరతాయి" అని ఉంది. నాకు చెయ్యి ఆడలేదు.

వారి భయం అబద్ధమని నేను అనను. తాగి వచ్చి తలుపులు కొట్టేవాడుంటే ఆడవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు ఇబ్బందే. అందుకని మరో అర్జీ రాశాను. వసతి గృహం పెట్టండి, ముందు వీధి దీపం వేయండి, రాత్రి కానిస్టేబులు బీటు ఆ వీధికి పొడిగించండి, మరుగుదొడ్డికి నీళ్ళివ్వండి, అల్లరి చేసినవాడి మీద, వాడు మా కాలనీవాడైనా సరే, పేరు పెట్టి కేసు రాయండి అని. మొదటి దానికి నలభై సంతకాలు పడితే నా దానికి పదకొండు పడ్డాయి. రెండూ ఆఫీసుకు చేరాయి. ఫలితం ఇంకా తేలలేదు.

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. బతికే ఉన్నామని రుజువు, కింద చిరునామా. ఆ గడి నింపేటప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ముసలమ్మ పేరు జాబితాలో తొమ్మిదవది. విస్తళ్ళు కుట్టి బతుకుతుందని రిమార్కుల గడిలో రాయడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది కాదు. మీ కాలనీలోనూ ఇలాంటి అర్జీ వస్తే, సంతకం చేసే ముందు రిమార్కుల గడి ఒకసారి చదవండి. అంతకంటే నేను కోరేది లేదు. సెలవు.