నల్లమల అంచున బుగ్గలు: పేరు, రాయి, బాట

రాయలసీమ నీటి చరిత్రలో చెరువుకు దక్కిన స్థానం ఊటకు దక్కలేదు. ఇందుకు కారణం ఆధారాల స్వభావమే. చెరువుకు కర్త ఉంటాడు, అతని కీర్తికి శాసనం ఉంటుంది. క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం తటాక నిర్మాణానికి అవసరమైన 12 అంగాలను, కలగకూడని 6 దోషాలను సైతం పేర్కొన్నది. ఊటను ఎవరూ తవ్వించలేదు. అందువల్ల దాని చరిత్రకు శాసనాలు మాత్రమే చాలవు. పేరు, రాతి కట్టడం, జనం నడిచిన బాట అనే మూడింటినీ కలిపి చదవవలసి ఉంటుంది.

మొదటిది పేరు. భూమి నుంచి ఉబికే నీటిని తెలుగువారు 'బుగ్గ' అన్నారు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున, విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల ఆదరణతో వెలసిన శివాలయం బుగ్గ రామలింగేశ్వరాలయం. కర్నూలు ప్రాంతంలోని కాల్వబుగ్గలో వెలసిన దైవం బుగ్గ రామేశ్వరుడు. రెండు చోట్లా సంస్కృత దైవనామానికి ముందు దేశి జలనామం నిలిచింది. ఊట గుడికంటే పాతదని ఇంతమాత్రంచేత రుజువు కాదు. అయితే రామలింగేశ్వరులు అనేకులున్న సీమలో ఈ స్వామి ఎవరో గుర్తుపట్టడానికి జనం ఊటనే ఆనవాలుగా పెట్టుకున్నారని స్పష్టమవుతుంది.

రెండవది రాయి. నంద్యాలకు తూర్పున నల్లమల అంచునున్న మహానంది ఆలయ శిఖరంలో బాదామి చాళుక్యుల నాటి నాగర శైలి కనిపిస్తుంది. శిఖరంపై జరిగినంత చర్చ నీటి అమరికపై జరగలేదు. గర్భాలయం అడుగున ఊరే నీరు ప్రాకారంలోని రుద్రగుండాన్ని చేరుతుంది. అక్కడి నుంచి వెలుపలి బ్రహ్మ, విష్ణు గుండాలకు, ఆపై పొలాలకు, అరటి తోటలకు సాగుతుంది. వచ్చినంత నీరూ బయటికి పోయే దారి ఉన్నందున గుండంలో మట్టం నిలకడగా, నీరు అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. అభిషేకం, స్నానం, సేద్యం అనే వరుసను రాతిలో నిలిపిన ఈ అమరిక ఒక పంపక వ్యవస్థ. ఎర్రమల కొండల్లోని యాగంటిలో రాతి నంది నోటి నుంచి పుష్కరిణిలోకి నీరు దూకే ఏర్పాటు కూడా ఈ కోవలోనిదే. నిలిచిన నీటిని కాక, ధారను ముందుగా అందుకొనే వీలు అది కల్పిస్తుంది.

మూడవది బాట. నంద్యాల పట్టణంలోని ప్రథమనంది, నాగనంది, సోమనందులు మొదలుకొని మహానంది వరకు ఉన్న నవనందులను కార్తికమాసంలో సూర్యోదయ సూర్యాస్తమయాల నడుమ దర్శించే ఆచారం ఉన్నది. పట్టణాన్ని, పల్లెపొలాలను, అడవి అంచును ఈ యాత్ర ఒకే వరుసలో కూరుస్తుంది. పొలానికి పారే నీరు ఏ కొండ దిక్కు నుంచి వస్తున్నదో నడిచేవారికి కాళ్లతోనే తెలుస్తుంది.

ఈ మూడు సాక్ష్యాలను విడదీసి చూస్తే కలిగే నష్టం పాండిత్యానికి మాత్రమే పరిమితం కాదు. గుండం మెట్లను బాగుచేస్తే కట్టడం నిలుస్తుంది. ఊట నిలవాలంటే మాత్రం ఎగువ కొండపై కురిసిన వాన రాతి పగుళ్లలోకి ఇంకాలి. ఆలయాన్ని ప్రాకారం వరకే గుర్తించే చరిత్రరచనకు ఆ కొండ కనిపించదు. కనుక బుగ్గ, చెలమ, గుండం, ధార వంటి పేర్లను ఊరూరా సేకరించి, ఒక్కొక్క పేరు వెంట ఆ నీరు పారే దారిని కూడా నమోదు చేయడం తెలుగు పరిశోధకులు చేపట్టవలసిన పని. పేరు పలికేవారు, దారి తెలిసినవారు ఉన్నప్పుడే అది సాధ్యం.