బొమ్మ లేదు, గీత ఉంది

‘మీలో బొమ్మ హరామ్ గదా, మీకు చిత్రకళెక్కడిది?’ నిజామాబాద్‌లో ఏ సభకు పోయినా ఎవరో ఒకరు మమ్మల్ని ఈ మాట అడుగుతారు. అడిగేవాళ్లలో మంచి మిత్రులే ఎక్కువ. మాలోనూ కొందరు నిజమేనని తలూపుతారు. మొఘల్ దర్బారు చిత్రాలు, దక్కనీ సూక్ష్మచిత్రాలు, హుసేన్ గుర్రాలు అప్పుడు ఎవరికీ గుర్తురావు. వాటిమీద చాలామంది రాశారు. మేం చెప్పేది బొమ్మే లేని చిత్రం గురించి. గీత, చుక్క, ఖాళీ - ఈ మూడింటి గురించి.

మా చిన్నప్పుడు గల్లీలో శాదీ రుఖాలు రాసే కాతిబ్ ఉండేవాడు. ఖలం మొనతో పెట్టిన నుఖ్తాయే ఆయన కొలబద్ద. అలిఫ్ ఎత్తు, బే పొడవు, నూన్ లోతు - అన్నీ ఆ చుక్కలతోనే కొలిచేవాడు. ఈ లెక్కకు పదో శతాబ్దంలో బాగ్దాద్ వజీరు ఇబ్న్ ముఖ్లా పేరే చెప్తారు. అక్షరం పక్కన ఎంత తెల్లకాగితం వదలాలో కూడా కాతిబ్‌కు తెలుసు. అంటే ఆయన ఖాళీని కూడా రాసేవాడు.

మా జిల్లాకు గీత ఇంకో దారిలోనూ వచ్చింది. 1923-31 మధ్య నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా మంజీర మీద కట్టిన నిజాంసాగర్, దాని కాల్వలు, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ - ఇవన్నీ ముందు నక్షా కాగితాల మీది గీతలే. ఆ నీళ్లే తర్వాత చెరుకు సాళ్లల్ల పారినయి. నక్షా గీసిన చేతుల్ని, సాలు తీసిన చేతుల్ని కళా చరిత్ర ఎన్నడన్నా లెక్కలోకి తీసుకుందా?

ఇంజనీర్లు వాడే ఆ పనిముట్లతోనే నస్రీన్ మొహమదీ తన చిత్రాలు గీసింది. 1937లో కరాచీలో పుట్టి, లండన్‌లో చదివి, 1972 నుంచి బరోడాలో పాఠాలు చెప్పింది. డ్రాయింగ్ బల్ల, స్కేలు, సిరా, పెన్సిలు. మనిషి లేడు, చెట్టు లేదు. గీతల మధ్య దూరం తగ్గుతూ పెరుగుతూ ఉంటే చదునైన కాగితంలో లోతు కనిపిస్తుంది. కన్ను ఎలా చూస్తుందో కన్నుకే చూపించే పని అది. నరాల జబ్బు ఒళ్లును లొంగదీస్తున్నా గీత వణకనీయలేదు. 1990లో కన్నుమూసింది. 2016లో న్యూయార్క్ మెట్ మ్యూజియం ఆమె పనిని పెద్ద ప్రదర్శనగా పెట్టింది.

అదే 1937లో అలీగఢ్‌లో పుట్టిన జరీనా గణితం చదివింది. 1959లో కుటుంబం కరాచీకి వెళ్లింది. ఇల్లు, గడప, గోడ వంటి ఉర్దూ మాటల్ని ఓ కాతిబ్ చేత నస్తాలీఖ్‌లో రాయించుకుని, ఒక్కో మాటకు ఒక్కో చెక్క అచ్చు చొప్పున 1999లో 36 చిత్రాలు చేసింది. 2001లో ఒకే ఒక్క వంకర గీతను కాగితం మీద అచ్చు వేసింది. అది దేశవిభజన సరిహద్దు. ఒక్క గీత ఎన్ని ఇళ్లను చీలుస్తుందో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇదంతా 1960ల న్యూయార్క్ మినిమలిజానికి నకలు అని కొందరు, ఇస్లామీ కళ అని కొందరు చీటీ అంటిస్తారు. రెండూ అన్యాయమే. వాళ్లు ప్రపంచమంతా చూశారు. తమ ఇంటి గోడనూ చూశారు.

మరి మా కాతిబ్? మీర్జా అహ్మద్ జమీల్ చేత్తో రాసిన వేలాది అక్షర ముక్కలతో 1981లో నూరీ నస్తాలీఖ్ యంత్రంలోకి ఎక్కింది. తర్వాత కంప్యూటర్ రుఖాలు వచ్చాయి. చెయ్యి చేసిన పనిని చెయ్యి లేకుండా చేసే రోజు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. గీతలు మ్యూజియానికి చేరాయి. గీసిన చేతులు ఖాళీ అయ్యాయి.

ఉర్దూ బోర్డు కనబడితే కొందరికి పరాయి దేశం కనబడుతుంది. చదవరానందుకు కాదు, చూడరానందుకు. ఇకమీదట ఆ ప్రశ్న అడిగినవాళ్లకు మేం జవాబు చెప్పం. పాత రుఖా ఒకటి చేతికిస్తాం. చదవరాకపోయినా ఫర్వాలేదు, కాసేపు చూడండి అంటాం.