పొలమునకు, పటమునకు నడుమ ఒక్క సంఖ్య

జగిత్యాల జిల్లాలోని మల్లాపూర్ 2016 అక్టోబరు 11 వరకు కరీంనగరు జిల్లాలో ఉండెడిది. 1948 వరకు నిజాము రాజ్యములోనిది. ఈ ప్రాంతపు గ్రామములలో రైతు భూమికి హద్దులు చూపు పాత కాగితము టిప్పన్. పొలము ఎకరములలో ఉండును. కాగితము జానెడే ఉండును. అయినను ఆ చిన్న బొమ్మను చూచి పెద్ద పొలమును లెక్కింపవచ్చును. ఎట్లు? రెండింటి ఆకారము ఒక్కటే, పరిమాణము మాత్రమే వేరు. ఇట్టి ఆకారములను గణితములో సరూప పటములందురు. పొలములోని ప్రతి పొడవును కాగితముపై దానికి సరియైన పొడవుచే భాగించినచో ఎల్లప్పుడు ఒకే సంఖ్య వచ్చును. ఆ సంఖ్యయే స్కేలు గుణకము.

ఈ భావము మనకు క్రొత్త కాదు. పావులూరి మల్లన తెనిగించిన గణితమునకు మూలము 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. అందులో త్రైరాశికము కలదు, నీడల లెక్కలును కలవు. కఱ్ఱయు దాని నీడయు ఒక చిన్న త్రిభుజము. చెట్టును దాని నీడయు ఒక పెద్ద త్రిభుజము. రెండును సరూపములు గనుక నీడను కొలిచి చెట్టు ఎత్తు చెప్పవచ్చును. కాని ఈ నిష్పత్తులను చాలకాలము భిన్నములుగనే వ్రాసెడివారు. 1585లో సైమన్ స్టెవిన్ అను ఫ్లెమిష్ గణితజ్ఞుడు దశాంశములపై ఒక చిన్న పుస్తకమును ప్రచురించెను. అందులో ఆయన సంబోధించిన వారిలో ఖగోళజ్ఞులు, వర్తకులతోపాటు భూమిని కొలుచువారును ఉండిరి. 1620లో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ 66 అడుగుల గొలుసును 100 లింకులుగా విభజించెను. దానితో దశాంశము పొలములోనికి దిగినది.

తెలంగాణలో మాత్రము మరియొక గొలుసు వాడుకలోనికి వచ్చినది. మొదటి సాలార్‌జంగు (1829–1883) దివానుగా ఉన్న కాలములో బొంబాయి పద్ధతి ననుసరించి హైదరాబాదు రాజ్యమున భూమి సర్వే ఆరంభమయినది. ఇచ్చటి గొలుసు పొడవు 33 అడుగులు. రూపాయికి వలెనే దానికిని 16 అణాలు. ప్రక్కకు ఒక గొలుసు, నిలువునకు ఒక గొలుసు గల చదరము ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరము. లెక్క సొంపుగా కుదిరినది గాని, అణాలతో నేరుగా భాగహారము చేయుట కష్టము. కావున మొదట అణాలను 16చే భాగింపవలెను: 4 అణాలు 0.25 గొలుసు, 5 అణాలు 0.3125 గొలుసు, 8 అణాలు 0.5 గొలుసు.

ఒక ఉదాహరణము తీసికొందము. దీర్ఘచతురస్రాకారపు పొలము పొడవు 12 గొలుసుల 8 అణాలు, వెడల్పు 7 గొలుసుల 4 అణాలు అనుకొనుడు. స్కేలు ప్రకారము గీసిన పటముపై అవి 5 అంగుళములు, 2.9 అంగుళములు.

12.5 ÷ 5 = 2.5
7.25 ÷ 2.9 = 2.5

రెండు భాగహారములును ఒకే సంఖ్య నిచ్చినవి. అనగా పటముపై ఒక అంగుళము పొలములో రెండున్నర గొలుసులు. ఒకవేళ రెండవది 2.6 అని వచ్చినచో కొలతలోనో, గీతలోనో తప్పు ఉన్నదని తెలిసికొనవలెను. దశాంశములో ఈ తేడా చూడగనే కంటబడును, భిన్నములలో దాగియుండును. అయితే త్రిభుజమునకు భుజముల నిష్పత్తులు చాలును గాని, నాలుగు భుజముల పొలమునకు చాలవు. ఒక కర్ణమును కూడ కొలిచి పరీక్షింపవలెను. లేనిచో భుజములు మారకయే ఆకారము వంగిపోవచ్చును.

ఇక అసలు జాగ్రత్త వైశాల్యముతో. పటముపై వైశాల్యము 14.5 చదరపు అంగుళములు. దీనిని 2.5చే గుణించినచో 36.25 గుంటలు వచ్చును, ఎకరమైనను కాదు. కాని పొడవును, వెడల్పును రెండును రెండున్నర రెట్లయినప్పుడు వైశాల్యము 2.5 × 2.5 = 6.25 రెట్లగును. సరియైన లెక్క 14.5 × 6.25 = 90.625 గుంటలు, అనగా 2 ఎకరముల 10.625 గుంటలు. గుణకమును వర్గము చేయుట మరచినవాని చేతిలో రైతు భూమిలో 54 గుంటలకు పైగా మాయమగును.

ఇదే లెక్క గ్రామమును దాటి దేశపటములకును వర్తించును. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలిచెను. అచ్చట మొదలయిన త్రిభుజముల వరుస దక్కనుకు ప్రాకినది. 1819లో జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడిమి అడవులలో ఈ పనిచేయుచు తీవ్రమైన జ్వరమున పడెను. ఈ త్రిభుజముల ఆధారముతో గీసిన సర్వే పటములలో మైలుకు ఒక అంగుళము స్కేలు చిరకాలము వాడుకలో ఉండెను. అనగా 1 : 63,360. 1956లో మెట్రిక్ తూనికలు, కొలతల చట్టము వచ్చినది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసలయినవి. పటముల స్కేలును తరువాత 1 : 50,000గా మారినది.

పాత పటమును క్రొత్తదానితో పోల్చవలెనన్న ఒక్క భాగహారము చాలును: 63,360 ÷ 50,000 = 1.2672. పాత పటముపై 10 సెంటీమీటర్ల దారి క్రొత్త పటముపై 12.672 సెంటీమీటర్లగును. చెరువు ఆక్రమించు చోటు మాత్రము 1.2672 యొక్క వర్గము, అనగా సుమారు 1.606 రెట్లగును.

రూపాయి అణాలను విడిచినది గాని, పాత టిప్పన్లలోని అణాలు అట్లే నిలిచినవి. వానిని చదువుటకు కావలసినది పదహారుచే భాగించుట, నిష్పత్తిని దశాంశములో వ్రాయుట, వైశాల్యమునకు వర్గము చేయుట. ఈ మూడు మెట్లను ఉపాధ్యాయులు బడి ఆవరణమునే కొలిపించి, కాగితముపై గీయించి నేర్పవచ్చును. రేపు తన యింటి భూమి కాగితము చేతికి వచ్చినప్పుడు ఆ విద్యార్థి దానిని ఒకరిచే చదివించుకొన నక్కరలేదు.