గుర్రం చెవికి సుత్లి దారం

రా బిడ్డా, పీట గుంజుకొని దగ్గర కూసో. ఈ కంది కట్టె మంట ఎక్కువసేపు నిలవది, ఆ తుమ్మ మొద్దు నడుమల పెట్టు. రేపు నీకు పటాన్‌చెరుల పొద్దటి షిఫ్టు ఉందని ఎరికే. కంపెనీ బస్సు ఐదున్నరకే వచ్చి హారను కొడ్తదని గూడ ఎరికే. అయినా కూసో. ముచ్చట సగంల లేచిపోతే నాకు నిద్ర పట్టదు, నీకు పట్టనియ్య.

మొన్న నువ్వడిగింది నేను మర్వలేదు. నీ లైన్ల పనిచేసే మిజోరం పిలగాడు "మేం ప్రెస్బిటేరియన్లం" అన్నడట. మన దిక్కు సీఎస్ఐ చర్చి ఉంది, మెథడిస్టు ఉంది, బాప్టిస్టు ఉంది, మరి ఇది యాడిది తాతా అని అడిగినవు. చెప్త తియ్యి అన్న. ఎందుకంటే అది నిలవడి చెప్పే ముచ్చట గాదు.

గ్రీకు భాషల ప్రెస్బిటర్ అంటే పెద్దమనిషి. గంతే. మనూర్ల రచ్చకట్ట మీద నలుగురు పెద్దలు కూసోని తగువు తెంపుతరు సూడు, చర్చి సంగతులు గూడ గట్లనే పెద్దలు కూసోని తెంపాలె గాని పైనుంచి బిషపు హుకుం రావద్దు అన్నోళ్ళే వీళ్ళు. వీళ్ళ పుట్టిల్లు స్కాట్లాండు. 1560ల జాన్ నాక్స్ అనే పాదిరి కాలంల దీనికి పునాది పడ్డది. తర్వాత లండన్ల ఉన్న రాజుకు ఇది గిట్టలే. బిషపుల పెత్తనం పెట్టిండు, ఒక కొత్త ప్రార్థన పుస్తకం గూడ పంపిండు. 1637ల ఎడింబరా పెద్ద చర్చిల ఆ పుస్తకం సదువుడు మొదలువెట్టంగనే, బజార్ల సామాను అమ్ముకునే జెన్నీ గెడ్డెస్ అనే ఆమె, తను కూసున్న పీట లేపి పాదిరి మీదికి ఇసిరిందని ఇప్పటిదాంక చెప్పుకుంటరు. నీ కింద ఉన్నది గూడ పీటనే. నా ముచ్చట నచ్చకుంటే నోటితోని చెప్పు, దాన్ని మాత్రం ముట్టకు.

ఆ పీట ఇసిరినోళ్ళ మునిమనుమలు ఓడలెక్కి దేశాలు పట్టిన్రు. ఆఫ్రికకు పోయిన్రు, చీనకు పోయిన్రు, మద్రాసుకు వచ్చిన్రు. రాధాకృష్ణన్ సదివిన మద్రాసు క్రిస్టియన్ కాలేజి స్కాట్లాండోళ్ళు పెట్టిందే. మిజోరం కొండలెక్కింది వేల్స్ దేశపు ప్రెస్బిటేరియన్లు. నీ దోస్తు తాతలను కలిసింది వాళ్ళే.

మరి మన దిక్కు ఎందుకు రాలే? అప్పట్ల మిషనోళ్ళ నడుమ ఒక కరారు ఉండె. ఒకరి సీమల ఇంకొకరు అడుగు పెట్టొద్దని. కల్లు గుత్తలు పంచుకున్నట్టు అందామనుకున్న గాని, వాళ్ళు వింటే బాధపడ్తరు. పట్వారి పొలాలకు హద్దురాళ్ళు పాతినట్టు అనుకో. బీదరు, జహీరాబాదు దిక్కు అమెరికా మెథడిస్టులు. నల్లగొండ, పాలమూరు దిక్కు బాప్టిస్టులు. డోర్నకల్లు ఆంగ్లికన్లు. మెదకు సీమ ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు. ఇంగ్లండుల ఒకరి మొకం ఒకరు సూసుకోనోళ్ళు ఈడికొచ్చి హద్దులు పంచుకున్నరు. మన జనానికి ఈ తేడాలేం పట్టినయి? అందరు మిషనోళ్ళే, అందరు దొరలే.

మెదక్కు వచ్చిన దొర పేరు చార్లెస్ వాకర్ పాస్నెట్. ముందు తిరుమలగిరిల గోరా సిపాయిలకు పాదిరి. ఆడ మనసు నిలవలేదో ఏమో, 1896ల మెదకు చేరిండు. సికింద్రాబాదు నుంచి అరవై మైళ్ళ బండి బాట. మెదకు ఊర్లకు రైలు ఎప్పుడొచ్చిందో ఎరికేనా? 2022ల. దొర రైలు కోసం ఆగి ఉంటే నూటిరవై ఆరేండ్లు ఆగాలె.

బండి బాట అంటే యాదికొచ్చింది. అప్పట్ల పటాన్‌చెరు అంటే చెర్వు, జొన్న చేన్లు, వారానికొక సంత. 1960లల రామచంద్రపురంల బీహెచ్ఈఎల్ లేచింది, 1972ల ఇక్రిశాట్ వచ్చింది, ఎనక మందుల కంపెనీలు. నక్కవాగుల నేను ఈత కొట్టిన అంటే నువ్వు నవ్వుతవు. నవ్వు. ఇయ్యాల దాంట్ల ఏలు ముంచాలన్నా భయమే. సంతకు పోతే నాయిన నాకు అణా ఇస్తుండె. ఆ అణా తోని మురుకులు, బెల్లం బిళ్ళ కొనుక్కొని, ఒక పైస దాసుకొని, ఇంటికొచ్చినంక అమ్మకు సూపెట్టి మెచ్చుకోలు గూడ తీసుకుంటుంటి. ఆ అణా గూడ సర్కారు అణా గాదు, నిజాం అణా. మన పైసలు హాలీ సిక్క, ఇంగ్లీషోళ్ళవి కల్దార్లు. ఏడు హాలీ రూపాయలు పోస్తే ఆరు కల్దార్లు. ఇంగ్లండు నుంచి మిషనుకొచ్చే సొమ్ము పౌండ్ల నుంచి కల్దార్లయి, కల్దార్ల నుంచి హాలీ అయ్యి, అప్పుడు కూలోని చేతికి ముడుతుండె. నడుమల షాహుకార్ల చెయ్యి తడవకుంట ఉంటదా?

ఇగో, తొవ్వ తప్పిన. ఎడ్లను మళ్ళ బాటకు మలుపుదాం.

మెదకు చర్చి 1914ల మొదలువెట్టి 1924 క్రిస్మస్ నాడు తెరిసిన్రు. పదేండ్ల కట్టుడు. నూరడుగుల ఎడల్పు, రెండు వందల అడుగుల పొడుగు, నూటడెబ్బై అయిదు అడుగుల గోపురం. అది కరువు కాలం. ఉత్తగ గింజలిస్తే మనిషి తల వంచుకోవాలె, పని చేపిచ్చి ఇస్తే తలెత్తుకొని తింటడు. మా నాయినమ్మ అక్కడ గంపలు మోసింది. "రాళ్ళు మోసినమా, గింజలు మోసినమా అన్నట్టుండె" అంటుండె. గోపురం చార్మినారు కన్న ఎత్తు లేస్తుందని నిజాం నవాబు గుస్స అయ్యిండని ఒక కథ, వాటికన్ తర్వాత ఇదే పెద్దదని ఇంకో కథ. కొలిసినోడు ఎవ్వడో నాకు కనవడలే. గాని క్రిస్మస్ నాడు ఆ మైదానంల జనాన్ని సూస్తే కొలవబుద్ధి గాదు. అన్ని కులాలోళ్ళు, అన్ని మతాలోళ్ళు వస్తరు. ఎడ్ల బండ్ల కాలంల మూడు రోజుల ముందే బయలెల్లి, జొన్న రొట్టెలు మూటగట్టుకొని పోతుండిరి.

అట్లని మిషనోళ్ళు దేవతలని నేనంటలేను. పెద్ద బంగళాలు, పంకాలు గుంజే నౌకర్లు, మధ్యాహ్నం కునుకు. ఒక దొరసానమ్మ తెలుగు నేర్చుకునే రోజులల్ల "పాలు కావాలె" అనబోయి "పళ్ళు కావాలె" అన్నదట. వంటోడు నవ్వు ఆపుకోలేక తన పళ్ళు మొత్తం సూపెట్టిండట. ఊరోళ్ళు మొదట్ల వాళ్ళను ఎక్కిరించిన్రు. ఊరి బావి ముట్టనియ్యని వాడకట్టు పిల్లలను బడిల కూసోపెడ్తున్నరని మూతులు తిప్పిన్రు. కందకు లేని దురద కత్తిపీటకు ఉన్నట్టు! పదేండ్లు తిరగంగనే అదే మూతుల మనుషులు తమ పిల్లగాండ్లను ఎంటవెట్టుకొని అదే బడి గడపల నిలవడ్డరు. జరం మందు కోసం ఎనక దర్వాజ కాడికి పోయినోళ్ళ లెక్క నేను చెప్ప. అందుల మనోళ్ళు గూడ ఉన్నరు.

స్కాట్లాండు మనిషి మన దిక్కు అసలు రాలేదా అంటే, వచ్చింది. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ. పెనిమిటి జార్జ్ కెర్ పాదిరి. మిషను మాత్రం వెస్లియనే. నిజామాబాదు పక్కన డిచ్‌పల్లిల 1915ల కుష్ఠు రోగుల దవాఖాన పెట్టిన్రు. చాల్మోగ్ర నూనె సూదులు ఏస్తుండె. ఆ సూది నొప్పికి రోగం కన్న ఎక్కువ భయపడుతుండిరట. ఆ దవాఖానకు సొమ్ము ఇచ్చింది రాజా నర్సాగౌడ్, మన హిందువే. ఏ దేవుని పేరు మీద కట్టిన్రని ఆయన అడగలే, ఎవరికి కట్టిన్రో సూసిండు.

ఇగ నేను చెప్పాలనుకున్నోడు ఇప్పుడొస్తున్నడు. జేకబ్ చేంబర్లెన్. అమెరికాల హాలండు వలసోళ్ళ రిఫార్మ్డ్ చర్చి మనిషి. పేరు వేరు గాని వరుస ప్రెస్బిటేరియన్ వరుసనే, పెద్దల పాలననే. సూయజు కాలువ తెరువక ముందు మాట, ఆఫ్రిక చుట్టు తిరిగి నెలల తరబడి ఓడ. బోస్టన్ చెర్వుల మంచుగడ్డ గూడ అదే దూరం ఓడల మీద మద్రాసుకు వస్తుండె. మంచు గడ్డ సగం కరుగుతుండె, పాదిరి మాత్రం మొత్తం దిగిండు. మదనపల్లెల కాపురం పెట్టి, తెలుగు నేర్చి, వైద్యం చేసి, తెలుగు బైబిలు దిద్దుడుకు ఏండ్లకేండ్లు కూసున్నడు. 1908ల ఆ మదనపల్లెల్నే పోయిండు.

1863ల ఈయన నలుగురు సాయం మనుషులతోని, బండ్ల నిండ పుస్తకాలతోని, గుర్రమెక్కి మన నిజాం రాజ్యం మీదికెల్లి ఉత్తరానికి బయలెల్లిండు. పోను రాను పన్నెండు వందల మైళ్ళు. గోదారి అడవులల్ల వాన పట్టుకుంది, వాగులు పొంగినయి, మోతగాండ్లు పులుల భయానికి ఎనక్కు పోతమన్నరు. పొద్దు కుంకుతుంటే గోదారి ఒడ్డుకు మలిగిన్రు. ఆడ ఒక పెద్ద పడవ, ఎగువ నుంచి కొట్టుకొచ్చి నిలిసి ఉంది! ఆ రాత్రి అందరు దాంట్లనే తల దాసుకున్నరు, బయట పులులు గాండ్రిస్తుంటే. దేవుడే పంపిండని ఆయన రాసుకున్నడు. కట్టు తెంపుకొని వచ్చిన పడవ అని పడవోళ్ళు అన్నరు. రెండు గూడ నిజమైతే నీకేం తక్కువ?

ఈ రాజ్యంలనే ఒక కోటగోడ ఉన్న పట్నంల జనం మీదవడ్డరు. బాట మీది రాళ్ళు పెళ్ళగించి చేతులల్ల పట్టుకున్నరు. ఈయన ఏమన్నడు? "కొట్టున్రి, గాని ముందు నేనొక కథ చెప్త, కథ అయినంక కొట్టున్రి" అన్నడు. కథ అంటే మనోళ్ళు చెవి కోసుకుంటరు గదా! ఏసు పుట్టుక నుంచి సిలువ దాంక చెప్పిండు. సగానికి రాళ్ళు కింద పడ్డయి. ఆఖరుకు పుస్తకాలు కొనుక్కున్నరు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నరు, ఆయనకు మంచి నోటితో పాటు మన కథల యావ గూడ ఎరికే.

ఇప్పుడు గుర్రం ముచ్చట. నిద్రపోతున్నవా? మదనపల్లెల ఈయనకు ఒక గుర్రం ఉండె. ఎక్కితే మంచిగ పోయేది, బండికి కడితే మాత్రం నాలుగు కాళ్ళు పాతినట్టు నిలవడేది. కొట్టిన్రు, బుజ్జగిచ్చిన్రు, కాళ్ళకు తాడు కట్టి గుంజిన్రు, చక్రాలు నూకిన్రు. ఊహూ. ఒకనాడు బాట మీద పోయే ఒకాయన సూసి, సుత్లి దారం తెమ్మన్నడు. దాన్ని గుర్రం చెవి మొదట్ల గట్టిగ సుట్టి ముడేసిండు. గుర్రం తల ఊపింది. ఇదేందిరా చెవిల అని ఆలోచనల పడ్డది. ఆలోచనల పడి, కదలొద్దని తను పట్టిన పట్టు మర్చిపోయింది. బండి నడిసింది! తర్వాత ఆయన అమెరికాల పెద్ద పెద్ద చర్చిలల్ల ఈ కథ చెప్తుండె. ఎందుకో ఎరికేనా? ఆ చర్చిలల్ల పెద్దమనుషులు చందా అంటే ఆ గుర్రం లెక్కనే నిలవడేటోళ్ళు. ఇయ్యం అని ఎవ్వరు అనరు, గాని బండి కదలది. ఇచ్చినోళ్ళు మాత్రం ఎన్ని పుస్తకాలు అమ్మినవు, ఎందరు కలిసిన్రు అని లెక్కల మీద లెక్కలు అడిగేటోళ్ళు. చారాణ కోడికి బారాణ మసాల. ఇంట గెలిచి రచ్చ గెలువు అంటరు. ఆయన రచ్చ గెలిచి, ఇంట గెలుసుటందుకు గుర్రాన్ని తోలుకొని పోయిండు.

నీ మిజోరం దోస్తును ఒకమాట అడుగు. వాళ్ళ ఆడోళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడల్ల ఒక పిడికెడు బియ్యం పక్కకు తీసి చర్చికి ఇస్తరు. బుహ్‌ఫాయ్ థమ్ అంటరట. ఆ పిడికెళ్ళ సొమ్ముతోని వాళ్ళే ఇప్పుడు వేరే రాష్ట్రాలకు మిషనరీలను పంపుతున్నరు. వాళ్ళ చెవికి సుత్లి అక్కర రాలే.

బిషపు కావాలెనా పెద్దలు కావాలెనా అనే తగువు ఈ దేశంల మెల్లగ సల్లారింది. ఎండ, కలరా, చదువురాని ఊర్లు, ఇవి అందరికి ఒక్క తీరే. 1901ల చేంబర్లెన్ మిషనోళ్ళు, మద్రాసు స్కాట్లాండోళ్ళు ఒక్కటైన్రు, ఆ కలిసిన సభకు మొదటి అధ్యక్షుడు ఈ గుర్రం దొరనే. 1908ల కాంగ్రిగేషనలిస్టులు గూడ కలిసిన్రు. 1947 సెప్టెంబర్ 27 నాడు, స్వతంత్రం వచ్చి నెల్నర గాలేదు, మద్రాసుల ఆంగ్లికన్లు, మెథడిస్టులు, వీళ్ళు అందరు కలిసి సీఎస్ఐ అయిన్రు. బిషపు ఉన్నడు, పెద్దల కమిటీ గూడ ఉంది. మన మెదకు అప్పుడే ఒక డయోసిస్ అయ్యింది. అంటే నువ్వు అడిగిన ప్రెస్బిటేరియన్ మనూర్లనే ఉన్నడు బిడ్డా, సంసారంల కలిసిపోయి ఉన్నడు. సీఎస్ఐ పాదిరిని మనం అయ్యగారు అంటం గని, బోర్డు మీద ప్రెస్బిటర్ అనే రాస్తరు.

ఆ బోర్డు మీద గూడ ఒక ముచ్చట ఉంది. చానా ఏండ్ల కింద ఒక చర్చికి కొత్త బోర్డు రాపియ్యాలని కమిటీ కూసుంది. పెయింటరు అక్షరానికి ఇంత అని లెక్క గట్టేటోడు. "ప్రెస్బిటర్ అంటే ఏంది సార్?" అని అడిగిండు. "పెద్ద" అన్న నేను. "మరి పెద్ద అనే రాస్త, రెండక్షరాలల్ల అయిపోతది, మీకు పైసలు మిగుల్తయి" అన్నడు. కమిటీ ఒప్పుకోలే. పేరు పేరే, ఎన్ని అక్షరాలైనా సరే, తలా కొంత చందా ఏసుకుందాం అన్నరు. మూడు వారాలు మీటింగు పెట్టిన్రు. ప్రతి వారం చాయ తాగిన్రు, బిస్కిట్లు తిన్నరు, లేచిపోయిన్రు. చాయ పైసలు బోర్డు పైసలను దాటినయి. నాలుగో వారం నేను జేబుల సుత్లి ఉండ ఏసుకొని పోయిన.